టెంకాయకు పెట్టిన పరీక్ష

ఆ ఎండాకాలం దాకా మా చుట్టుపక్కల ఎవరు బోరు వేయించాలన్నా ముందు నన్ను పిలిచేవారు, ఆ తర్వాతే బోరు వేసే లారీని. పెనుకొండ నుంచి బుక్కపట్నం వెళ్ళే దారిలో ఏ ఊళ్ళో దిగి ‘టెంకాయ నారాయణప్ప ఇల్లెక్కడ’ అని అడిగినా, చిన్నపిల్లలు కూడా వెంటబెట్టుకుని తీసుకొచ్చి మా గడపలో వదిలిపెట్టేవారు. హిందూపురం, ధర్మవరం రూట్లలో బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషిని నేను. ఆ సంగతి మాత్రం ఎవరికీ గుర్తులేదు. జనానికి గుర్తున్నది నా చెయ్యి.

చూడటానికి చాలా తేలికైన పని. పీచు తీసిన టెంకాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టి చేలో నెమ్మదిగా నడవాలి. కింద నీళ్ళున్న చోట అది లేచి నిలబడుతుంది. అందరి చేతిలోనూ లేవదు. ఓ పాజిటివ్ రక్తం ఉన్నవాళ్ళకే లేస్తుందని మా వైపు నమ్మకం. డిపోలో రక్తదానం చేసిన రోజు నాది ఓ పాజిటివ్ అని తేలింది. ఇక నా గర్వానికి డాక్టరు సర్టిఫికెట్ కూడా దొరికినట్టయింది.

నీళ్ళు పడితే నా చెయ్యి గొప్ప. పడకపోతే లారీ రాహుకాలంలో వచ్చిందనో, ఎవరో చెప్పుల కాళ్ళతో పాయింటు తొక్కారనో అనుకునేవారు. నన్ను ఎవరూ ఒక్క మాట అనేవారు కాదు. అంతమాత్రాన ఇదంతా మోసమని మీరనుకుంటే మాత్రం నాకు కోపం వస్తుంది. టెంకాయ నిజంగానే లేచేది. లేపాలని నేను ఒక్కసారి కూడా అనుకోలేదు.

ఆ వేసవి సెలవుల్లో నా మనవరాలు ధరణి రోజూ పెనుకొండకు వెళ్ళొచ్చేది. తొమ్మిదో తరగతి అయిపోయింది. వాళ్ళ సైన్సు టీచరు శైలజ బడిలోనే పిల్లలకు ఒక శిబిరం పెట్టింది. పాఠాలు, హోంవర్కులు లేవు. నీళ్ళ సీసాలతో రాకెట్లు ఎగరేయించేది, అట్టపెట్టెలకు వెండి కాగితం అంటించి ఎండ పొయ్యిలు చేయించేది. ఒకరోజు ధరణి ఆ పొయ్యిలో కోడిగుడ్డు ఉడికించి నాకోసం దాచి తెచ్చింది. లోపల సగం పచ్చిగానే ఉంది. బ్రహ్మాండంగా ఉడికిందని చెప్పి తినేశాను.

శిబిరం చివర్లో టీచరు ఒక పని అప్పజెప్పింది. ఇంట్లోనో ఊళ్ళోనో అందరూ నిజమనుకునే మాట ఒకటి తీసుకుని, అది నిజమో కాదో ఎవరికి వారు పరీక్షించి రావాలి. జూన్‌లో హిందూపురంలో ప్రదర్శన. అక్కడ నచ్చినవాళ్ళను బెంగళూరు తీసుకెళ్ళి వారం రోజులు పెద్ద పెద్ద ల్యాబుల్లో తిప్పుతారు. బెంగళూరు మాట చెప్పేటప్పుడు ధరణి కళ్ళు చూడాలి. అన్నం ముందు కూర్చుని కూడా అదే మాట.

“తాతా, నీ టెంకాయను పరీక్ష చేద్దామా?” అంది ఒక సాయంత్రం.

“దానికేం పరీక్ష? అది ఎప్పుడో పాసయిండాది.”

“ఎవరు పెట్టినారు పరీక్ష?”

అయినా నాకు సంతోషమే వేసింది. హిందూపురంలో పెద్దవాళ్ళంతా చూస్తుండగా టెంకాయ లేవడం, నాకు శాలువా కప్పడం అప్పుడే కళ్ళ ముందు కనిపించాయి. పైగా దానికి నేనే సలహాలు ఇచ్చాను.

“చూడు పాపా, చెకింగ్ అంటే చెకింగే. బస్సెక్కిన చెకింగ్ ఇన్‌స్పెక్టరు కండక్టరు ముఖం చూసి వదిలిపెడతాడా? నువ్వు కూడా తాత కదా అని వదలకూడదు.”

“వదలను,” అంది ధరణి.

అదే సమయంలో ఇంట్లో ఇంకో వ్యవహారం నడుస్తోంది. నా కొడుకు మధు ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టులకు వెళతాడు. కోడలు ఆదిలక్ష్మి ఇంటి వెనక షెడ్డులో పట్టుపురుగులు పెంచుతుంది. పట్టుగూళ్ళు హిందూపురం మార్కెట్టుకు పోతాయి. పురుగులకు మల్బరీ ఆకు కావాలి, మల్బరీకి నీళ్ళు కావాలి. మా బోరు ఆ ఏడు ఉగాది దాటగానే దగ్గడం మొదలుపెట్టింది. కొత్త బోరు వేయాల్సిందేనని మధు అన్నాడు. తూర్పు మూలలో నా టెంకాయ లేచింది. అమావాస్య వెళ్ళగానే లారీ రావాలి.

పరీక్ష ఉదయాన్నే, ఎండ ముదరకముందే మా చేలోనే పెట్టుకున్నాం. ముందు కళ్ళు తెరుచుకుని చేనంతా నడిచాను. మూడు చోట్ల టెంకాయ లేచింది. వాటిలో తూర్పు మూల ఒకటి. ధరణి అక్కడ పుల్లలు గుచ్చి, గట్టు నుంచి దూరం టేపుతో కొలిచి, మళ్ళీ పుల్లలు పీకేసింది. అంతవరకూ దాని స్నేహితురాలు వైష్ణవిని ఇంట్లో కూర్చోబెట్టి ఆదిలక్ష్మి దోసెలు పెడుతూ ఉంది.

“ఆ పిల్లను యాల దాచిపెట్టినావు?” అని అడిగాను.

“నీ చెయ్యి పట్టుకుని నడిపించేది అదే తాతా. పుల్లలు యాడ గుచ్చినామో దానికి తెలీకూడదు. తెలిస్తే ఆడికి పోయేతలికి తెలీకుండానే అడుగు నిదానమైతాది.”

శభాష్ అనుకున్నాను. నా తువ్వాలుతోనే నా కళ్ళకు గంతలు కట్టారు. వైష్ణవి నా మోచెయ్యి పట్టుకుని నడిపించింది. టెంకాయ లేచిన చోటల్లా ‘ఈడ’ అన్నాను. వైష్ణవి అక్కడ ఒక రాయి పెట్టింది. చేనంతా తిరిగాక గంతలు విప్పుకుని చూశాను. తూర్పు మూలలో ఒక్క రాయీ లేదు. దాని మీదుగానే నడిచి వెళ్ళానట. టెంకాయ హాయిగా పడుకునే ఉందట.

“తువ్వాలు మరీ బిగించి కట్టినారు. తలకు రక్తం ఆడలేదు,” అన్నాను.

తువ్వాలు వదులు చేశారు. ఇంకోసారి నడిచాను. రాళ్ళు ఇంకెక్కడో పడ్డాయి. టెంకాయలో నీళ్ళు తగ్గాయన్నాను. కొత్త టెంకాయ తెచ్చారు. ఈసారి అది ఎక్కడ లేచిందో తెలుసా, ఆదిలక్ష్మి వడియాలు ఎండబెట్టే బండ మీద.

“బండ కింద కూడా నీళ్ళుండచ్చు,” అన్నాను.

“ఉండచ్చు తాతా. కానీ కండ్లు తెరుచుకున్నప్పుడు ఆడ లేవలేదు కదా.”

వైష్ణవి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ధరణి నవ్వలేదు. అది నవ్వి ఉంటే నాకు బాగుండేది. నా ముఖం చూడకుండా టేపు చుట్టేసి, “ఎండ ఎక్కువైంది, ఇంటికి పోదాం పా,” అంది. నా మీద జాలి పడిన మొదటి మనిషి నా మనవరాలే అయింది. ఆ రోజు మధ్యాహ్నం దానితో మాట్లాడకుండా గోడ వైపు తిరిగి పడుకున్నాను.

మర్నాడు నేనొక్కడినే చేలోకి వెళ్ళాను. ఎవరూ లేరు. కళ్ళు మూసుకుని నడిచి, లేచిన చోట గులకరాయి వేశాను. మళ్ళీ తిరిగొచ్చి మళ్ళీ వేశాను. కళ్ళు తెరిచి చూస్తే మళ్ళలో గింజలు చల్లినట్టు ఎక్కడివక్కడ ఉన్నాయి. గట్టు మీద కూర్చుని చాలాసేపు నా చెయ్యినే చూసుకున్నాను. నాకు బాధేసింది. అంతకంటే ఎక్కువగా సిగ్గేసింది.

ఆ తర్వాత ఇంట్లో ధరణి టెంకాయ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పిల్ల మరిచిపోయిందిలే అనుకుని లోలోపల కొంచెం తేలికపడ్డాను కూడా. లారీ వచ్చే రోజు దగ్గరపడుతోంది. మధు ఉత్సాహంగా ఉన్నాడు.

బీపీ మాత్రలకని పెనుకొండ వెళ్ళినప్పుడు బస్టాండులో శైలజ టీచరు కనబడింది. నన్ను చూసి ఆశ్చర్యపోయింది.

“ఎలా ఉన్నారండీ ఇప్పుడు? నడవగలుగుతున్నారా?”

“నాకేమైందమ్మా?”

“ధరణి చెప్పింది. మీకు ఒంట్లో బాగాలేదు, చేలో నడవలేరు, అందుకని టెంకాయ ప్రాజెక్టు మానేస్తున్నానంది. పెసర మొలకలు చేస్తానంటోంది. చేస్తే మంచిదే. కానీ ఇప్పటికే నలుగురు మొలకలు చేస్తున్నారు. దాంతో బెంగళూరు దాకా వెళ్ళడం కష్టం. టెంకాయ ఆలోచన చెప్పిన రోజు ఆ పిల్ల మొహం ఎంత వెలిగిపోయిందో మీరు చూడాల్సింది.”

నేను బస్టాండంతా చురుగ్గా తిరుగుతున్న సంగతి ఆమె చూస్తూనే ఉంది. అయినా మనవరాలిని అబద్ధాలకోరును చేయడం నాకు ఇష్టంలేక, “అవునమ్మా, మోకాళ్ళు కొంచెం,” అని ఒక కాలు ఈడ్చుకుంటూ బస్సు దాకా వెళ్ళాను.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను గానీ బయట ఏమీ కనబడలేదు. దానికి ఉన్నది ఒకే ఒక్క ఆశ. ఆ ఆశను నా పరువు కోసం మడిచి పక్కన పెట్టేసింది. ఎవరికీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. చెకింగ్ అంటే చెకింగే అని దానికి కబుర్లు చెప్పింది నేనే కదా. ముసలితనంలో పిల్లల చేత ఇలా కాపలా కాయించుకోకూడదని నాకు గట్టిగా అనిపించింది. ఆ పిల్ల మీద ఎంత ప్రేమ పొంగుకొచ్చిందంటే, మా ఊరు దాటిపోయి పక్క స్టాపులో దిగి వెనక్కి నడిచాను. కండక్టరు కుర్రాడు ‘ఏమప్పా, నువ్వే స్టాపు మరిస్తే ఎట్లా’ అన్నాడు.

ఆ సాయంత్రం అందరం సంగటి ముందు కూర్చున్నాం.

“లారీవాళ్ళు ఫోన్ చేసినారు నాయనా,” అన్నాడు మధు. “అమావాస్య పోయిన మరుసటి దినం పొద్దున్నే వస్తారంట. పాయింటు కాడ పూజ నువ్వే చెయ్యల్ల.”

“లారీ వద్దని చెప్పు.”

మధు ముద్ద చేతిలోనే ఆగిపోయింది. “యాల?”

“టెంకాయకు మూడు కండ్లు ఉంటాయి కదప్పా. నా రెండు కండ్లు మూస్తానే దానికేమీ కనపడలేదు. నీ కూతురు పరీక్ష పెట్టింది. నేను ఒక్కడినే కూడా పోయి చూసినా. ఆ మూలలో నీళ్ళుండాయో లేదో నాకు తెలీదు.”

ధరణి తల వంచుకుని సంగటిలో గుంట చేస్తూ ఉంది.

“ఊరందరికీ చూపించినావు,” అన్నాడు మధు చివరికి. “నా కాడికి వచ్చేతలికి తెలీదంటాండావా?”

“నీ కాడికి వచ్చినాకనే తెలిసింది నాకు.”

“మరి పురుగులకు ఆకు యాడ్నుంచి తేవల్ల మామా?” అంది ఆదిలక్ష్మి. కోపంతో కాదు, నిజంగానే తెలియక అడిగింది.

“తాత తప్పేం లేదు నాయనా,” అంది ధరణి తల ఎత్తకుండానే. “ఆ చెయ్యి...”

“నువ్వు చెప్పల్సింది ఈడ కాదు,” అన్నాను. “హిందూపురంలో. ఆ పెసర మొలకలు మీయమ్మకు ఇచ్చెయ్, తాళింపేస్తాది.”

అప్పుడు తల ఎత్తింది. టీచరు నాకు కనబడిందని దానికి అర్థమైపోయింది. కళ్ళనిండా నీళ్ళు.

“అందరూ నిన్ను చూసి నవ్వుతారు తాతా.”

“నవ్వనీలే. వాళ్ళు నవ్వుతారని నువ్వు మొలకలు పెట్టుకుని కూచుంటే, నాకు అన్నం ఎట్లా దిగుతాది?”

మధు చెయ్యి కడుక్కుని లేచి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళు నాతో ముక్తసరిగానే మాట్లాడాడు. లారీని మాత్రం రద్దు చేశాడు. సగం మల్బరీని మొదళ్ళ దాకా నరికేసి, ఉన్న కాసిని నీళ్ళూ మిగతా సగానికే పెట్టాడు. ఆదిలక్ష్మి ఆ విడత పురుగులు సగమే పెంచింది. ఇంట్లో డబ్బుకు కటకటైంది. తూర్పు మూలలో వేసి ఉంటే నీళ్ళు పడేవో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియదు అని చెప్పడం మొదట్లో నోటికి చేదుగా ఉండేది, తర్వాత తర్వాత అలవాటైంది.

ధరణి బెంగళూరు వెళ్ళొచ్చింది. ఆ వారం గురించి ఇప్పటికీ చెబుతూనే ఉంటుంది, అడక్కపోయినా చెబుతుంది. నేను చెప్పాలనుకున్నది మాత్రం హిందూపురం ప్రదర్శన సంగతి.

ఒక బడిలో మేడ మీద హాల్లో పెట్టారు. బల్లల మీద గాలిమరలు, రాకెట్లు, నాలుగు చోట్ల మొలకలు. మా ధరణి బల్ల దగ్గర చేను బొమ్మ గీసిన అట్ట, దాని మీద ఎర్రచుక్కలు, నల్లచుక్కలు. ఎర్రవి కళ్ళు తెరిచినప్పటివి, నల్లవి మూసినప్పటివి. ఎక్కడా ఒకటి మీద ఒకటి పడలేదు. నా పేరు ఎక్కడా రాయలేదు. ‘ఒక పెద్దమనిషి’ అని రాసింది. నేను కొంచెం దూరంగా కుర్చీలో కూర్చున్నాను.

అంతలో మాకు తెలిసిన రైతు ఆశీర్వాదం వచ్చాడు. గూళ్ళు మార్కెట్టుకు వేసి, నేనున్నానని తెలిసి వచ్చాడట. వాడి చేలో నేను చూపించిన బోరు మా వైపు అంతటా పేరున్న బోరు. ఎంత కరువులోనూ ఎండలేదు. నా గొప్ప అడిగితే ఎవరైనా ముందు దాని పేరే చెబుతారు. అట్ట చూశాడు, నన్ను చూశాడు. వాడికి కోపం వచ్చింది.

“ఏమ్మా, మీ తాతది ఉత్తుత్తి అంటాండావా? మరి నా బోరు సంగతేంది? ఇప్పటికీ పోస్తాండాది కదా.”

చుట్టూ జనం చేరారు. ధరణి నా వైపు చూసింది. చెప్పు అన్నట్టు తల ఊపాను.

“నీ చేను బుక్కపట్నం చెరువు కింద కదా పెదనాయనా. ఆ చుట్టుపక్కల నీళ్ళు పడని బోరు ఎవరిదన్నా ఉండాదా?”

ఆశీర్వాదం ఆలోచించాడు. “లే.”

“అన్నిటికీ తాతే చూపించినాడా?”

“లే. మా తమ్ముడు ఊరికే ఒక రాయి విసిరేసి, అది పడిన కాడ వేయించినాడు.” ఆగి, నెమ్మదిగా అన్నాడు. “వానికీ పడినాయి.”

అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మిగతా బోర్లన్నీ పోయినా ఆ ఒక్కటి నాదే అనుకుంటూ వచ్చాను. అదీ చెరువుదే అని తేలిపోయింది.

“మా తాత ఎవరినీ మోసం చెయ్యలేదు,” అంది ధరణి, ఈసారి గొంతు పెంచి. “టెంకాయ నిలబడల్ల అని మనసులో ఉంటే, చెయ్యి మనకు తెలీకుండానే రవ్వంత వంగుతాది. ఎవరి చెయ్యైనా అంతే. మా తాత ఒక్కరే ఆ చెయ్యిని పరీక్షకు ఇచ్చినారు. నాలుగు తూర్లు ఇచ్చినారు.”

‘ఒక పెద్దమనిషి’ ఎవరో అందరికీ తెలిసిపోయింది. పరీక్షించడానికి వచ్చిన ఒకాయన అట్టలోంచి తల ఎత్తి, “ఆ పరీక్ష కళ్ళారా చూసే వీలుంటే బాగుండేది,” అన్నాడు. అన్నాక, పెద్దవాణ్ణి నొప్పించానేమోనని నా వైపు చూసి ఊరుకున్నాడు.

నేను లేచాను. తువ్వాలు తీసి ధరణికి ఇచ్చాను. బల్ల మీద చూపించడానికి పెట్టిన టెంకాయను చేతిలోకి తీసుకున్నాను.

“వద్దు తాతా,” అంది చెవిలో.

“కట్టు.”

కట్టింది. మోచెయ్యి పట్టుకుని నడిపించింది. ఈ ఒక్కసారి లేవకుండా ఉంటే బాగుండునని నేనే అనుకున్నాను. కొంత దూరం వెళ్ళాక అరచేతిలో బరువు మారింది. ఎప్పటిలాగే, ఎంతో నమ్మకంగా టెంకాయ లేచి నిలబడింది.

“ఏముండాది పాపా ఈ కింద?” అని అడిగాను.

ధరణి చెయ్యి నా మోచేతి మీద బిగుసుకుంది.

“చెప్పు. అందరికీ వినపడేట్టు చెప్పు.”

“కింద ఆరో తరగతి గది ఉండాది తాతా.”

హాలంతా గొల్లుమంది. ఆశీర్వాదం నవ్వు అన్నిటికంటే పెద్దగా వినబడింది. నాకూ నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను. నా పక్కన ధరణి కూడా నవ్వుతోంది, మధ్యలో ముక్కు ఎగబీలుస్తోంది. తువ్వాలు తడిసింది గానీ, అది కళ్ళకే కట్టి ఉంది కాబట్టి ఎవరికీ తెలియదు. కొత్తగా వచ్చినవాళ్ళు వెనక నుంచి ఏమైంది, ఏమైంది అని అడుగుతున్నారు.

“వెనక నిలబడినోళ్ళకు కనపడలేదంట,” అన్నాను. “పద తల్లీ, ఇంకొక చుట్టు పోదాం.”